అలారం మోగని మధ్యాహ్నం

2003 ఆగస్టు 14, గురువారం. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం. ఎండ మండిపోతోంది, ఇళ్లలో ఏసీలన్నీ తిరుగుతున్నాయి. ఆక్రన్ నగరం కేంద్రంగా పనిచేసే ఫస్ట్‌ఎనర్జీ విద్యుత్ సంస్థ కంట్రోల్ రూంలో మధ్యాహ్నం 2:14 దాటాక అలారం రావడం ఆగిపోయింది.

ఏ లైను ట్రిప్పయినా, ఏ సబ్‌స్టేషన్‌లో వోల్టేజి పడిపోయినా ఆ గదిలో శబ్దం రావాలి. తెర మీద హెచ్చరిక కనబడాలి. ఆ సంగతి లాగ్‌లోకి ఎక్కాలి. ఆ నిమిషం నుంచి ఇవేవీ జరగలేదు. తెర మీద లైన్ల పటాలు మాత్రం ఎప్పటిలాగే వెలుగుతున్నాయి. కుర్చీల్లో కూర్చున్న ఆపరేటర్లకు అనుమానం రాలేదు. అలారం లేదంటే గొడవ లేదని ఏళ్ల తరబడి అలవాటైన ఉద్యోగం వాళ్లది.

దాదాపు రెండు గంటల తర్వాత అమెరికాలోని ఎనిమిది రాష్ట్రాల్లో పలుచోట్ల, కెనడాలోని ఒంటారియోలోనూ కరెంటు పోయింది. దాదాపు 5 కోట్ల మంది. 61,800 మెగావాట్ల లోడు. ఇవాళ మన రెండు తెలుగు రాష్ట్రాలు నడి ఎండాకాలంలో వాడే గరిష్ఠ కరెంటును కలిపినా అందులో సగం దరిదాపుల్లోనే ఉంటుంది.

అమెరికా, కెనడా ప్రభుత్వాలు కలిసి వేసిన దర్యాప్తు బృందం 2004 ఏప్రిల్‌లో తుది నివేదిక ఇచ్చింది. నిమిషం నిమిషం, కొన్నిచోట్ల సెకను సెకను లెక్క అందులో ఉంది. ఇక్కడ చెబుతున్నది ఆ వరుసే. ఎవరి నోటా నేను కొత్త మాటలు పెట్టడం లేదు. ఆ మధ్యాహ్నానికి కల్పన అక్కర్లేదు.

కథ నిజానికి రెండు గంటల ముందే, పక్కనున్న ఇండియానా రాష్ట్రంలో మొదలైంది. అక్కడ కార్మెల్ అనే ఊళ్లో మిడ్‌వెస్ట్ ఐఎస్‌ఓ అనే సంస్థ ఉంది. ఫస్ట్‌ఎనర్జీతో సహా చాలా విద్యుత్ సంస్థల లైన్లను పైనుంచి కనిపెట్టుకుని ఉండడం దాని పని. అందుకోసం స్టేట్ ఎస్టిమేటర్ అనే ప్రోగ్రాం వాడతారు. గ్రిడ్ నలుమూలల నుంచి వచ్చే కొలతలన్నీ తీసుకుని, ఈ క్షణంలో గ్రిడ్ ఎలా ఉందో అది లెక్క కడుతుంది. ఆ లెక్క ఆధారంగా ఇంకో ప్రోగ్రాం, ‘ఇప్పుడు ఫలానా లైను పోతే ఏమవుతుంది’ అని ముందే చెబుతుంది. స్టేట్ ఎస్టిమేటర్ ఐదు నిమిషాలకోసారి దానంతటదే నడవాలి.

మధ్యాహ్నం 12:15కి దాని లెక్క కుదరలేదు. బ్లూమింగ్టన్ నుంచి డెనోయిస్ క్రీక్ వెళ్లే 230 కిలోవోల్టుల లైను ఆగిపోయి ఉంది. బయట లైను లేదు, ప్రోగ్రాం మాత్రం ఉందనుకునే లెక్క కడుతోంది. ఆ లైను స్థితిని ప్రోగ్రాంకు అందించే లింకు అప్పటికింకా ఏర్పాటు కాలేదు. అలాంటి లింకు ఉండాలంటే రెండు వైపులా ఆ లైనుకు ఒకే పేరు పెట్టుకోవాలి, ఈ సమాచారం ఆ ప్రోగ్రాంకు వెళ్లాలని ఎవరో ఒకరు రాసిపెట్టాలి. ఈ లైను విషయంలో ఆ పని మిగిలిపోయింది.

అక్కడి విశ్లేషకుడు తప్పు పట్టుకున్నాడు. చేత్తో సరిచేశాడు. ఒంటిగంటకల్లా లెక్క కుదిరింది. అయితే వెతుకులాటలో అడ్డు రాకుండా, ప్రోగ్రాంను ఐదు నిమిషాలకోసారి నడిపే ట్రిగ్గర్‌ను ఆపి ఉంచాడు. పని అయ్యాక దాన్ని తిరిగి ఆన్ చేయడం మరిచిపోయాడు. అంతా సరిగ్గానే ఉందనుకుని భోజనానికి వెళ్లాడు.

ఆ మనిషి మీద నాకు కోపం లేదు. మానిటరింగ్ పని చేసిన ప్రతివాళ్లూ ఏదో ఒక రోజు ఏదో ఒక అలర్టును కాసేపు ఆపి ఉంచుతారు. నా అభ్యంతరం ఆ వ్యవస్థ మీద. ఐదు నిమిషాలకోసారి నడవాల్సిన ప్రోగ్రాం గంటన్నర పాటు నడవకపోతే, ‘నేను నడవడం లేదు’ అని చెప్పే ఏర్పాటు దానికి లేదు. 2:40 ప్రాంతంలో ఎవరో గమనించి ట్రిగ్గర్ ఆన్ చేశారు. ఈసారి లెక్క మళ్లీ తప్పింది. ఈలోగా 2:02కి దక్షిణ ఒహాయోలో స్టువర్ట్–అట్లాంటా అనే 345 కిలోవోల్టుల లైను చెట్టుకు తగిలి పోయింది. ఆ లైను స్థితి కూడా ప్రోగ్రాంకు అందడం లేదు. ఫోన్లు చేసి, కనుక్కుని, సరిదిద్ది, అది మళ్లీ తనంతట తాను నడిచేసరికి 4:04 అయింది. అప్పటికి మిగిలిన వ్యవధి రెండు నిమిషాలు.

ఇక ఆక్రన్‌కు వద్దాం.

ఫస్ట్‌ఎనర్జీ కంట్రోల్ రూంలో నడిచేది జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ల ఎక్స్‌ఏ-21 అనే వ్యవస్థ. 2:14 దాటాక అందులో అలారాలు చూసుకునే భాగం ఒక అలారం దగ్గర ఇరుక్కుపోయింది. అది ఆగిపోయి ఉంటే పట్టుబడేదేమో. ఆగలేదు, నడుస్తున్నట్టే ఉంది. కొత్తగా వచ్చే సమాచారం మాత్రం దాని గుమ్మంలో పేరుకుపోతోంది. 2:20 నుంచి దూరపు కేంద్రాల్లోని టెర్మినళ్లు కొన్ని పోయాయి. 2:41కి ప్రధాన సర్వరు పడిపోయింది. దాని పని మొత్తం ఇరుక్కుపోయిన అలారం భాగంతో సహా స్టాండ్‌బై సర్వరుకు వెళ్లింది. 2:54కి అదీ పడిపోయింది. ఒకటి నుంచి మూడు సెకన్లలో మారాల్సిన తెరలు మారడానికి దాదాపు నిమిషం పట్టే స్థితి వచ్చింది.

ఈ మధ్యలోనే ఒక అవకాశం తలుపు తట్టింది. 2:27కి స్టార్–సౌత్ క్యాంటన్ లైను ఒక్క క్షణం ట్రిప్పయి మళ్లీ కలిసింది. ఆ లైను రెండో చివర పక్క సంస్థ ఏఈపీది. వాళ్ల దగ్గర అలారం మోగింది. 2:32కి వాళ్లు ఫస్ట్‌ఎనర్జీకి ఫోన్ చేసి, మీ వైపు ఏం కనబడిందని అడిగారు. ఇక్కడ ఏమీ కనబడలేదు. ఒకే లైను, ఒక చివర అలారం మోగి రెండో చివర మోగలేదు. ‘మన అలారం ఎందుకు రాలేదు’ అన్న ప్రశ్న ఆ ఫోన్ పెట్టేశాక ఆ గదిలో పుట్టి ఉంటే, చేతిలో ఇంకా గంటన్నర ఉంది. పుట్టలేదు.

సర్వర్లు పడిపోయినప్పుడు వ్యవస్థ ఒక పని చక్కగా చేసింది. ఐటీ విభాగం వాళ్లకు దానంతటదే పేజర్ సందేశం పంపింది. వాళ్లు వచ్చారు. సర్వరును రీబూట్ చేశారు. 3:08కల్లా అది లేచింది. ప్రాసెస్‌లు నడుస్తున్నాయి. వాళ్ల తెర మీద అంతా బాగుంది. పని అయిందనుకున్నారు.

ఈ మొత్తం కథలో నేను పదేపదే ఆగిపోయేది ఈ 3:08 దగ్గరే. లైన్ల కింద చెట్లను కొట్టించకుండా వదిలేసినవాళ్లున్నారు, ట్రిగ్గర్ మరిచిపోయినవాళ్లున్నారు, ఆ తప్పులకు సాకులైనా దొరుకుతాయి. కానీ ఇక్కడ సమర్థులైన రెండు బృందాల మధ్య ఒక్క ప్రశ్న లోపించింది. ఐటీ వాళ్లు కంట్రోల్ రూంకు ఫోన్ చేసి, ‘మీకు అలారాలు వస్తున్నాయా?’ అని అడగలేదు. ఆపరేటర్లకు అలారం వ్యవస్థ చచ్చిపోయిందని తెలియదు. ఐటీ వాళ్లకు అలారాలు రావడం లేదని తెలియదు. రీబూట్‌తో సర్వరు లేచింది కానీ ఇరుక్కుపోయిన అలారం భాగం అలాగే ఉండిపోయింది. సర్వరు బతికి ఉందా అన్నది ఒక ప్రశ్న. అది చెప్పే కబురు చివరి మనిషికి చేరుతోందా అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరకగానే రెండోదానికీ దొరికిందనుకోవడం మానిటరింగ్ పనిలో అన్నిటికంటే పెద్ద ప్రమాదమని నా నమ్మకం.

బయట లైన్లు తమ పని తాము చేసుకుపోతున్నాయి. కరెంటు ఎక్కువగా ప్రవహించే తీగ వేడెక్కి సాగుతుంది, తడిబట్టలు ఆరేసిన దండెం నడుమ కుంగినట్టు కిందికి దిగుతుంది. కింద చెట్లను ఎప్పటికప్పుడు కొట్టించి ఉంటే ఏమీ కాదు. అక్కడ కొట్టించలేదు. 3:05కి చాంబర్లిన్–హార్డింగ్ లైను చెట్టుకు తగిలి ట్రిప్పయింది. అప్పటికి దాని మీద ఉన్న లోడు సామర్థ్యంలో సగం కూడా కాదు. 3:32కి హానా–జూనిపర్. 3:41కి స్టార్–సౌత్ క్యాంటన్, ఈసారి శాశ్వతంగా. మూడూ 345 కిలోవోల్టుల లైన్లే. ఒక్కొక్కటి పోయినప్పుడల్లా దాని భారం మిగిలినవాటి మీద పడింది. కింది స్థాయి 138 కిలోవోల్టుల లైన్లు ఒకటి వెనుక ఒకటి ట్రిప్పవడం మొదలైంది.

ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. విద్యుత్ కేంద్రాల నుంచి, పక్క సంస్థల నుంచి, వినియోగదారుల నుంచి. వోల్టేజి ఊగుతోందని ఒకరు, లైను పోయినట్టుందని మరొకరు. బయటివాళ్లు చెప్పేది ఒకటి, ఎదురుగా తెర చూపించేది ఒకటి. చాలాసేపు ఆపరేటర్లు తెరనే నమ్మారు. తమ కంప్యూటర్లూ సతాయిస్తున్నాయని, చుట్టూ ఏం జరుగుతోందో తమకే తెలియడం లేదని ఫస్ట్‌ఎనర్జీ ఉద్యోగి ఒకరు ఆ మధ్యాహ్నం ఫోన్‌లో అన్న మాటలు రికార్డుకెక్కాయి. 3:42కి గాని కంప్యూటర్ వ్యవస్థ పనిచేయడం లేదన్న మాట ఆపరేటర్ల వైపు నుంచి ఐటీ వాళ్లకు చేరలేదు. అప్పుడు పూర్తిగా ఆపి మొదటి నుంచి మొదలుపెట్టే రీబూట్ ప్రస్తావన వచ్చింది. గ్రిడ్ ఈ స్థితిలో ఉండగా ఉన్న ఆ కాస్త చూపునూ పోగొట్టుకోలేమని ఆపరేటర్లు భయపడ్డారు. ఆ భయాన్ని తప్పుపట్టలేం.

4:05:57కి సామిస్–స్టార్ లైను పోయింది. దాంతో ఉత్తర ఒహాయోకు తూర్పు నుంచి కరెంటు వచ్చే పెద్ద దారి మూసుకుపోయింది. ఇక మనిషి చేతిలో ఏమీ మిగల్లేదు. కరెంటు వేరే దార్లు వెతుక్కుంటూ మిషిగన్ మీదుగా, ఒంటారియో మీదుగా, న్యూయార్క్ మీదుగా పరుగెత్తింది. వెళ్లిన దారల్లా ఓవర్‌లోడై ట్రిప్పయింది. 4:13కల్లా అయిపోయింది. 265 విద్యుత్ కేంద్రాలు ఆగిపోయాయి.

అప్పుడు మన దేశంలో అర్ధరాత్రి ఒంటిగంటన్నర దాటింది. స్వాతంత్ర్య దినం వచ్చేసింది.

న్యూయార్క్‌లో సబ్‌వే రైళ్లు సొరంగాల్లో నిలిచిపోయాయి. లిఫ్టుల్లో మనుషులు ఇరుక్కుపోయారు. ఆఫీసుల నుంచి బయటపడ్డ జనం బ్రూక్లిన్ వంతెన మీద నడుచుకుంటూ ఇళ్లకు బయల్దేరారు. క్లీవ్‌లాండ్‌లో పంపులు ఆగి కుళాయిల్లో నీళ్లు పోయాయి. కొన్ని చోట్ల కరెంటు రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఒంటారియోలో వారానికి పైగా కోతలు పెట్టారు. అమెరికాకు జరిగిన నష్టం 400 కోట్ల నుంచి 1,000 కోట్ల డాలర్లని అంచనా.

ఆ వారమే బ్లాస్టర్ అనే కంప్యూటర్ వర్మ్ ప్రపంచమంతా కంప్యూటర్లను పట్టుకుని పీడిస్తోంది. దాని పనే అని చాలామంది అనుకున్నారు. దర్యాప్తులో అందుకు ఆధారం దొరకలేదు. దొరికింది అంతకంటే చిన్నది. జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు లక్షల వరుసల కోడ్‌ను వారాల తరబడి జల్లెడ పట్టారు. కావాలనే వ్యవస్థను నెమ్మదింపజేసి, అలారాలు కుప్పగా పోసి చూశారు. అప్పుడు బయటపడింది: రెండు ప్రాసెస్‌లు ఒకే సమాచారాన్ని ఒకే క్షణంలో రాయబోతే అలారం భాగం తిరిగి రాలేని సుడిలో పడుతుంది. రేస్ కండిషన్ అంటారు. లక్షల గంటలు నడిచినా అంతకుముందు ఎవరికీ కనబడని లోపం. అలాంటి లోపాలు సాఫ్ట్‌వేర్‌లో రేపూ ఉంటాయి. అందుకే నాకు ఆ లోపం కన్నా, దాన్ని యాభై నాలుగు నిమిషాల్లో రెండుసార్లు పట్టుకోగలిగీ పట్టుకోకపోవడమే పెద్ద విషయం. ఒకసారి 2:32 ఫోన్‌లో. మరోసారి 3:08 రీబూట్ తర్వాత.

అమెరికా ఈ దెబ్బ నుంచి నేర్చుకుంది. గ్రిడ్ భద్రతా నియమాలు అంతకుముందు స్వచ్ఛందం. 2005 చట్టం వాటికి బలమిచ్చింది, 2007 జూన్ నుంచి పాటించకపోతే జరిమానా. మన దేశంలో 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు కూలినప్పుడు తెలుగునాట దీపాలు ఆరలేదు. దక్షిణ గ్రిడ్ అప్పటికి వేరుగా ఉండేది. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ లైనుతో మనమూ అదే గ్రిడ్‌లో కలిశాం. ఇప్పుడు ఎక్కడో మోగని అలారం మనకూ సంబంధించినదే.

గ్రిడ్ సంగతి అలా ఉంచండి. హైటెక్ సిటీలో, గచ్చిబౌలిలో ఈ రాత్రి కూడా వేలమంది మన పిల్లలు అమెరికా, యూరప్ కంపెనీల సర్వర్లకు కాపలా కాస్తారు. వాళ్ల వ్యవస్థలోనూ కార్మెల్‌లో లేకపోయిన లింకుల్లాంటివే ఉంటాయి. వాటి పేరు కనెక్టర్లు. ఉదాహరణకు, సర్వర్లను కనిపెట్టుకుని ఉండే మైక్రోసాఫ్ట్ వారి సిస్టం సెంటర్ ఆపరేషన్స్ మేనేజర్‌ను ఈ రంగంలో అందరూ ఎస్‌కామ్ అంటారు. ఒక సర్వరులో డిస్కు నిండితే ఎస్‌కామ్ అలర్టు లేపుతుంది. ఆ అలర్టును టికెట్ల వ్యవస్థకు, అంటే సమస్యలను నమోదు చేసుకునే చోటికి, మోసుకెళ్లేది కనెక్టర్. టికెట్ పుడితేనే ఆన్‌కాల్‌లో ఉన్న మనిషి ఫోన్ మోగుతుంది. కనెక్టర్ తెగితే ఎస్‌కామ్ కన్సోల్‌లో అలర్టులు పేరుకుంటూనే ఉంటాయి, టికెట్ల తెర మాత్రం ప్రశాంతంగా ఉంటుంది. ఆ ప్రశాంతతను చూసి టీ తాగడానికి వెళ్లిపోవచ్చు.

ఆ కనెక్టర్లను అడిగి తెలుసుకునే కమాండ్ ఒకటుంది. ఎస్‌కామ్‌కు అనుసంధానమైన పవర్‌షెల్ తెరిచి గెట్-ఎస్‌కామ్‌కనెక్టర్ అని కొడితే చాలు, ఆ వ్యవస్థలో నమోదై ఉన్న కనెక్టర్లన్నీ వరుసగా తెర మీదికొస్తాయి. నెట్‌వర్క్ పరికరాలను చూసుకునే లోపలి కనెక్టరు, మీ సంస్థ టికెట్ల కోసం పెట్టుకున్న బయటి కనెక్టరు, ఎప్పుడో ఎవరో ప్రయత్నించి వదిలేసిన పాతది, అన్నీ. పేరు ఇచ్చి అడిగితే ఆ ఒక్కటే చూపిస్తుంది. అది సిద్ధమైన స్థితిలో ఉందో లేదో కూడా అందులో కనబడుతుంది. కన్సోల్‌లో మౌస్‌తో నొక్కుకుంటూ వెళ్లినా ఇవి కనబడతాయి. కానీ మౌస్ నొక్కులు ఎక్కడా మిగలవు. కమాండ్‌ను స్క్రిప్టులో పెట్టి ప్రతి షిఫ్టు మొదట్లో నడిపితే, నిన్నటి జాబితా పక్కన ఇవాళ్టిది పెట్టి చూసుకోవచ్చు. నిన్న ఉన్న పేరు ఇవాళ లేకపోతే వెంటనే తెలుస్తుంది. మౌస్‌నే అందరూ నమ్ముకున్న రోజుల్లో, 2002లో, జెఫ్రీ స్నోవర్ మొనాడ్ పేరుతో ఈ పవర్‌షెల్‌కు పునాది వేశారు. 2006 నవంబర్‌లో అది విడుదలైంది. ఆ పట్టుదల ఇవాళ ఇలాంటి కాపలా పనికి అక్కరకొస్తోంది.

అయితే 3:08ని మరిచిపోకూడదు. జాబితాలో పేరు ఉందంటే కనెక్టర్ నమోదై ఉందని మాత్రమే. అది అలర్టును అవతలికి చేర్చిందని కాదు. అందుకు రెండో కమాండ్ ఉంది. గెట్-ఎస్‌కామ్‌అలర్ట్ అని అడిగితే ప్రతి అలర్టుకూ దాన్ని ఏ కనెక్టరుకు అప్పగించారు, అది వెళ్లిందా, ఇంకా వరుసలోనే నిలబడి ఉందా అన్న వివరం దొరుకుతుంది. వందల అలర్టులు ‘వేచి ఉంది’ అన్న స్థితిలోనే కనబడుతున్నాయంటే అది మీ ఆక్రన్. మూడో పని, ఆ కబురు అవతలి మనిషికి చేరిందో లేదో కనుక్కోవడం. దానికి కమాండ్ లేదు. ఫోన్ తీయాలి.

నైట్ షిఫ్టులో కూర్చున్న తమ్ముళ్లకూ, చెల్లెళ్లకూ నాది ఒకటే విన్నపం. సర్వరును రీబూట్ చేసిన ప్రతిసారీ, కనెక్టర్‌ను ముట్టుకున్న ప్రతిసారీ, ఏదైనా ఆపి మళ్లీ మొదలుపెట్టిన ప్రతిసారీ, టికెట్ మూసే ముందు ఒక టెస్ట్ అలర్టు పంపండి. అవతలి కుర్చీలో ఉన్న మనిషికి ఫోన్ చేసి, ‘మీకు వచ్చిందా అండీ?’ అని అడగండి. వచ్చిందని వాళ్ల నోటితో విన్నాకే ఆ టికెట్ మూయండి.